ఉత్తర దిక్కుకి వెళ్ళొద్దు: అడ్వెంచర్ గేముల్లో ఒకే దారి, ఓపెన్ మ్యాప్, మధ్యలో తాళాలు

మన జానపద కథల్లో ఒక పాత సీన్ ఉంటుంది, రాజుగారు కొడుకుని వేటకి పంపిస్తూ తూర్పుకెళ్ళు, పడమరకెళ్ళు, దక్షిణానికెళ్ళు, ఉత్తర దిక్కుకి మాత్రం వెళ్ళొద్దు అంటాడు, వాడు సరిగ్గా ఉత్తరానికే పోతాడు, కథ మొదలయ్యేది అక్కడే. గేమ్ డిజైన్ లెక్కలో చూస్తే రాజు ఇచ్చింది ఓపెన్ మ్యాప్. నాలుగు దిక్కుల్లో మూడు ఫ్రీ, నాలుగోదానికి తాళం, ఆ తాళం కూడా ఉత్తి మాటే, గోడ లేదు, కాపలా లేదు. అయినా కథ మాత్రం పక్కా లీనియర్, అంటే ఒకే దారిలో నడిచేది, ఎందుకంటే వద్దన్నాక ఏ కుర్రాడైనా ఎటు పోతాడో కథ చెప్పేవాడికి ముందే తెలుసు.

లీనియర్ గేమ్ గొప్పదా, ఎటైనా తిరగనిచ్చే ఓపెన్ వరల్డ్ గొప్పదా అని జరిగే గొడవల్లో చాలామంది కొలిచేది మ్యాప్ సైజు. ఈ గేమ్‌లో ఇన్ని చదరపు కిలోమీటర్లు, ఆ గేమ్‌లో ఒక కారిడార్ తర్వాత ఇంకో కారిడార్, అంతే. కానీ పొలం ఎంత పెద్దదైనా నడిచే గట్టు ఒక్కటే అయితే అది కారిడారే కదా. అసలు చూడాల్సింది తాళం ఎక్కడ వేశారు, తాళంచెవి ఎవరి దగ్గర పెట్టారు అని. కథ చేతిలో ఉందా, ప్లేయర్ సంచిలో ఉందా, ప్లేయర్ బుర్రలో ఉందా? ఈ మూడింట్లో ఏది అన్నదాన్ని బట్టి గేమ్ ఆడినప్పుడు వచ్చే ఫీలింగ్ పూర్తిగా మారిపోతుంది.

ఈ రెండు దార్లూ ఒకే ఇంట్లో పుట్టాయంటే కొంచెం ఆశ్చర్యంగానే ఉంటుంది. జపాన్ గేమ్ కంపెనీ నింటెండోలో షిగేరు మియమోతో, తకాషి టెజుకా ఉన్న టీమ్ 1985లో సూపర్ మారియో బ్రదర్స్ చేస్తూనే పక్కన జెల్డా కూడా చేస్తోంది, ఒక ఐడియా వస్తే ఇది మారియోకా జెల్డాకా అని విడగొట్టి పెట్టుకునేవాళ్ళు. మారియోలో ఎడమ నుంచి కుడికి పరుగు, స్క్రీన్ ఒకసారి ముందుకి జరిగితే వెనక్కి రాదు. 1986 ఫిబ్రవరిలో వచ్చిన జెల్డాలో మాత్రం అడ్డంగా 16, నిలువుగా 8, మొత్తం 128 స్క్రీన్ల మైదానం, ఆట మొదలవ్వగానే మధ్యలో వదిలేస్తారు, పక్కనే ఒక గుహ, లోపల ముసలాయన కత్తి ఇస్తాడు, కావాలంటే ఆ కత్తి కూడా తీసుకోకుండా వెళ్ళిపోవచ్చు. మియమోతో చిన్నప్పుడు క్యోటో దగ్గర సోనోబేలో కొండలూ గుహలూ పట్టుకుని తిరిగిన అనుభవమే ఇందులోకి వచ్చిందని ఆయనే చాలాసార్లు చెప్పాడు.

మన దగ్గర తొంభైల్లో టీవీకి పెట్టుకుని ఆడిన క్యాసెట్ వీడియో గేముల్లో మారియో, కాంట్రా ఉండేవి, జెల్డా దాదాపు కనిపించేది కాదు. గేమ్ సేవ్ అవ్వాలంటే క్యాసెట్‌లో బ్యాటరీ కావాలి, చౌక క్యాసెట్లలో అది ఎవరు పెడతారు? అందుకే ఆ తరం తెలుగు పిల్లలకి వీడియో గేమ్ అంటే కుడివైపు పరుగెత్తడమే, చచ్చిపోతే మళ్ళీ మొదటి నుంచి.

మొదటి జెల్డాలో తాళాలు సంచిలో ఉండే రకం. తెప్ప లేకపోతే నీళ్ళు దాటలేం, కొవ్వొత్తి ఉంటే పొద కాలుతుంది, బాంబు ఉంటే గోడ పగులుతుంది. ఏ పొద, ఏ గోడ అన్నది మాత్రం ఎవరూ చెప్పరు, స్కూల్లో పిల్లలు ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోవాల్సిందే. ఆ తర్వాత పాతికేళ్ళలో ఈ సిరీస్ మెల్లగా ఇరుకైపోయింది. 1998లో ఒకరీనా ఆఫ్ టైమ్‌లో నావి అనే చిన్న వెలుగు ముద్ద పక్కనే ఎగురుతూ ఇటు చూడు అటు చూడు అని పిలుస్తుంది, 2011 స్కైవర్డ్ స్వోర్డ్‌కి వచ్చేసరికి ఫై అనే తోడు, కళ్ళ ముందు కనిపిస్తున్న విషయాన్ని కూడా మళ్ళీ నోటితో చెప్పేది. పెళ్ళిలో పంక్తి భోజనానికి కూర్చుంటే పక్కనాయన ఇది పప్పు, ఇది పులుసు, దీన్ని అన్నంలో కలుపుకోవాలి అని చెప్తుంటే ఎలా ఉంటుందో అలా ఉండేది అది. ఫ్యాన్స్‌కి విసుగొచ్చింది. 2013లో ఎ లింక్ బిట్వీన్ వరల్డ్స్‌లో ఒక చిన్న ప్రయోగం చేశారు, ఆయుధాలు దాదాపు అన్నీ మొదట్లోనే అద్దెకి దొరుకుతాయి, కాబట్టి చాలా గుహలు ఇష్టం వచ్చిన వరుసలో చేసుకోవచ్చు. తాళంచెవుల గుత్తి ముందే ప్లేయర్ చేతికి ఇచ్చేస్తే ఏమవుతుందో చూద్దాం అని చేసిన టెస్ట్ లాంటిది అది.

దాని ఫలితమే 2017 మార్చి 3న వచ్చిన బ్రెత్ ఆఫ్ ద వైల్డ్. ఇందులో మొదటి ఒకటి రెండు గంటలు జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే ఓపెన్ వరల్డ్‌కి మారుపేరుగా చెప్పుకునే ఈ గేమ్ మొదలయ్యేది నిజానికి ఒక మూసిన పెరట్లో. గ్రేట్ ప్లేటో అనే ఎత్తైన పీఠభూమి, చుట్టూ లోయ, దూకితే చావే. కింద మొత్తం రాజ్యం కనిపిస్తూ ఉంటుంది, దిగే దారి లేదు. ఒక ముసలాయన దగ్గర గాల్లో తేలే పారాగ్లైడర్ ఉంది, నాలుగు చిన్న గుళ్ళు పూర్తి చేస్తే గానీ ఇవ్వడు. అంటే ఇది అచ్చమైన పాత పద్ధతి తాళమే. కానీ ఆ నాలుగు గుళ్ళకి వెళ్ళే వరుస మనిష్టం, మంచు కొండ మీద ఉన్న గుడికి వెళ్ళాలంటే చలికి ఆగాలి, దానికి ముసలాయన్ని మెప్పించి వెచ్చటి చొక్కా సంపాదించొచ్చు, మంట పక్కన కాగడా వెలిగించుకుని నడవొచ్చు, లేదా మిరపకాయలు వండుకుని తినేసి పోవచ్చు. మిరపకాయ తింటే ఒళ్ళు వేడెక్కుతుందని గుంటూరు వైపు వాళ్ళకి ట్యుటోరియల్ అక్కర్లేదు గానీ, ప్రపంచంలో మిగతావాళ్ళు దీన్ని కనిపెట్టి తెగ సంబరపడిపోయారు.

ఆ పీఠభూమి చేసే పని ఏంటంటే ఒకే సమస్యకి మూడు నాలుగు పరిష్కారాలు ఉంటాయని అలవాటు చెయ్యడం. బాంబు, అయస్కాంతం, వస్తువుని ఆపేసే శక్తి, నీటిని గడ్డకట్టించే శక్తి, ఈ నాలుగూ అక్కడే ఇచ్చేస్తారు. తర్వాత రాజ్యం మొత్తంలో దారిని పూర్తిగా మూసేసే తాళాలు దాదాపు లేవు, నేరుగా కోటకి పోయి చివరి విలన్ గానన్‌తో కొట్లాడొచ్చు, చస్తారు గానీ వెళ్ళొచ్చు. అంతకన్నా తెలివైన పని భూమిని మలచడంలో ఉంది. మొదట టవర్లని ఆధారం చేసుకుని మ్యాప్ కట్టినప్పుడు ఆడి చూసినవాళ్ళు ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కి గీత గీసినట్టు పోయారట, ఎవరో నడిపిస్తున్నట్టు ఉందన్నారట. అప్పుడు టీమ్ కొండల్ని త్రిభుజాల్లా పెట్టడం మొదలుపెట్టింది. త్రిభుజం ఎదురొస్తే ఎక్కాలా చుట్టూ తిరిగిపోవాలా అని మనసు ఊగుతుంది, చుట్టూ తిరుగుతుంటే దాని వెనక దాగి ఉన్నది కొద్దికొద్దిగా బయటపడుతుంది, దాన్ని చూడగానే అసలు వెళ్తున్న పని మర్చిపోతాం. దూరాలు ఎంతుండాలో తెలుసుకోడానికి వాళ్ళు సొంతూరు క్యోటో మ్యాప్‌ని గేమ్ మ్యాప్ మీద పరిచి చూసుకున్నారు, రోజూ నడిచే ఊరు కాబట్టి అక్కణ్ణించి ఇక్కడికి ఎంత సేపు పడుతుందో ఒళ్ళు ఠక్కున చెప్పేస్తుంది. ఇంత లెక్క వేసి కట్టిన దాన్ని స్వేచ్ఛ అనాలా అంటే, అనొచ్చు, సంతలో దుకాణాలు ఎవరో ఒక వరుసలో పెట్టినంత మాత్రాన మనం తిరిగింది మన తిరుగుడు కాకుండా పోదు కదా.

ఇక రెండో ఒడ్డు. నాటీ డాగ్ వాళ్ళ అన్‌చార్టెడ్ సిరీస్ లీనియర్ డిజైన్‌కి ఎప్పుడూ చెప్పే ఉదాహరణ, 2009లో వచ్చిన రెండో భాగంలో హిమాలయాల వైపు పోయే రైలు మీద ఫైట్ ఉంటుంది, చుట్టూ ఊళ్ళు, సొరంగాలు, మంచు మారుతూ ఉంటే బోగీల మీద నుంచి ముందుకి పోవాలి. దీన్ని మించిన లీనియర్ ఇంకేముంటుంది, పట్టాలే కదా. కానీ అక్కడ ఊపిరి బిగబట్టి ఆడతాం, ఎందుకంటే ప్లేయర్ ఏ సెకనులో ఎక్కడ ఉంటాడో డిజైనర్‌కి తెలుసు కాబట్టి కెమెరా, మ్యూజిక్, పేలుడు, డైలాగ్ అన్నీ ఆ సెకనుకే బిగించొచ్చు. ఓపెన్ గేమ్‌లో ఇది కుదరదు, హెలికాప్టర్ వచ్చే టైమ్‌కి ప్లేయర్ చెరువులో చేపలు పడుతూ ఉండొచ్చు.

2017లో ఇదే సిరీస్‌లో ద లాస్ట్ లెగసీ వచ్చింది, మనకి కొంచెం దగ్గర గేమ్, కథ జరిగేది మన దేశంలోనే, పశ్చిమ కనుమల్లో, వెతికేది హొయసల రాజుల కాలం నాటి గణేశుడి దంతం. బేలూరు, హళేబీడు టూర్ వేసినవాళ్ళకి ఆ గుళ్ళు తెలిసే ఉంటాయి, గేమ్‌లో చూపించినవి వాటికి ఎన్నో రెట్లు పెద్దవి, పూర్తి కల్పితం, అడవి మధ్యలో జలపాతాల పక్కన అంతెత్తు విగ్రహాలు. ఇందులో నాలుగో చాప్టర్‌లో మాత్రం జీపు ఇచ్చి పెద్ద లోయలో వదిలేస్తారు, ఒక టవర్ ఎక్కితే హీరోయిన్ క్లోయీ తన కాగితం మ్యాప్ మీద పెన్నుతో గుర్తులు పెట్టుకుంటుంది, మూడు కోటలు ఏ వరుసలోనైనా చెయ్యొచ్చు, అవి కాక పదకొండు హొయసల టోకెన్లు వెతుక్కోవచ్చు, అవన్నీ దొరికితే దగ్గర్లో నిధి ఉందని తెలిపే ఒక కడియం వస్తుంది, వెతక్కపోయినా కథ ఆగదు. ఆ చాప్టర్ అయ్యాక దారి మళ్ళీ సన్నబడుతుంది, చివరి చాప్టర్ ఏకంగా రైలు మీదే. ఒకే గేమ్‌లో జీపు, రైలు రెండూ పెట్టారు, రెండూ పనిచేశాయి. గమనిస్తే జీపు తిరుగుళ్ళలోనే క్లోయీ, ఆమెతో పాటు వచ్చిన నదీన్ ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకుంటారు, అప్పటిదాకా పడని ఇద్దరి మధ్య కొంచెం నమ్మకం అక్కడే పుడుతుంది, కాబట్టి చివర్లో రైలు మీద ఒకళ్ళ కోసం ఒకళ్ళు తెగిస్తే మనకి అతకనట్టు అనిపించదు. తిరుగుడుకి కథలో కూడా ఒక పని ఇచ్చారన్నమాట, చాలా ఓపెన్ గేములు చెయ్యనిది ఇదే.

చెయ్యకపోతే ఏమవుతుందో 2015 నాటి విచర్ 3లో కనిపిస్తుంది. గేమ్ అద్భుతం, సందేహం లేదు. కానీ కథ ప్రకారం హీరో గెరాల్ట్ పెంచుకున్న కూతురు సిరి ప్రమాదంలో ఉంది, వెనక ఒక దెయ్యాల దండు తరుముతోంది, ఈయన ఊరూరా ఆగి గ్వెంట్ అనే పేకాట ఆడుకుంటూ ఉంటాడు. ఆంబులెన్స్ కోసమని బయల్దేరి రచ్చబండ దగ్గర చతుర్ముఖానికి కూర్చున్నట్టు. ఆడేవాళ్ళు దీన్ని పట్టించుకోవడం మానేశారు, అలవాటైపోయింది, కానీ తొందర మీద నడిచే కథని ఓపెన్ మ్యాప్‌లో పెడితే కథ, ఆట రెండూ వేరే వేరే గదుల్లో కాపురం పెట్టేస్తాయి. బ్రెత్ ఆఫ్ ద వైల్డ్ ఈ ఇబ్బందిని కొంత తప్పించుకుంది, జరగాల్సిన ఘోరం వందేళ్ళ కిందటే జరిగిపోయింది, హీరో అంతకాలం నిద్రపోయాడు, ఇప్పుడు ఇంకో నాలుగు రోజులు వంటలు చేసుకుంటూ తిరిగితే కొత్తగా పోయేదేం లేదు.

రివర్స్ తప్పు కూడా ఉంది. 2018లో వచ్చిన రెడ్ డెడ్ రిడెంప్షన్ 2లో మ్యాప్ మొత్తం తిరగొచ్చు, వేటాడొచ్చు, దార్లో ఎవడో పాము కరిచిందని అరుస్తుంటే ఆగి సాయం చెయ్యొచ్చు, వదిలేసి పోవచ్చు. అదే ఒక స్టోరీ మిషన్ మొదలైతే చెప్పిన చోట నిలబడాలి, చెప్పిన వాళ్ళ వెనకే పోవాలి, తెలివిగా పక్క నుంచి వెళ్దాం అనుకుంటే మిషన్ ఫెయిల్ అని వచ్చేస్తుంది. బయట అంత స్వేచ్ఛ అలవాటు చేసి లోపలికి రాగానే చెయ్యి పట్టుకుని లాగితే, మామూలు లీనియర్ గేమ్‌లో ఎప్పుడూ రాని ఉక్కపోత ఇక్కడ వస్తుంది.

డబ్బు సంగతి కూడా మాట్లాడుకోవాలి, ఎందుకంటే డిజైన్ నిర్ణయాల్లో చాలావరకు బడ్జెట్ దగ్గరే తేలతాయి. లీనియర్ గేమ్‌లో ప్రతి రాయీ దాదాపు ప్రతి ప్లేయర్‌కీ కనిపిస్తుంది, పెట్టిన ఖర్చు తెర మీద కనిపిస్తుంది. ఓపెన్ గేమ్‌లో ఒక మూల కట్టిన ఊరు చాలామంది చూడకుండానే ఆట ఆపేస్తారు. అందుకే అచ్చు పోసి నింపడం మొదలవుతుంది, అదే శిబిరం ఇరవై చోట్ల, అదే టవర్ పదిహేను చోట్ల. బ్రెత్ ఆఫ్ ద వైల్డ్‌లోనే 120 గుళ్ళు, మూలమూలనా దాచిన 900 కొరోక్ గింజలు ఉన్నాయి, ఆ గింజలన్నీ ఏరినవాళ్ళకి చివర్లో గేమ్ ఇచ్చే బహుమతి ఒక పేడముద్ద ఆకారంలో ఉన్న బంగారు బొమ్మ, అన్నీ ఏరమని ఎవడు చెప్పాడు నీకు అని డిజైనర్లే నవ్వినట్టు. చిన్న టీములకి ఈ లెక్క ఇంకా కఠినం. పూణేలో నాడింగ్ హెడ్స్ అనే టీమ్ చేసిన రాజీ 2020లో వచ్చింది, రాజస్థానీ కోటలు, తోలుబొమ్మలాట లాంటి నీడ బొమ్మలతో కథ, గట్టిగా లీనియర్. ఆ టీమ్ అదే చేతులతో ఓపెన్ వరల్డ్ కడితే ఆ చెక్కుడు పని ఒక్క గోడ మీద కూడా మిగిలేది కాదు.

దారి చూపించే గుర్తుల విషయంలో రెండు వైపులా తిప్పలే. లీనియర్ గేముల్లో ఎక్కాల్సిన అంచులకి, పగలగొట్టాల్సిన పెట్టెలకి పసుపు పెయింట్ వేస్తారు, 2023 నాటి రెసిడెంట్ ఈవిల్ 4 రీమేక్ దగ్గర దీని మీద పెద్ద రగడ జరిగింది, పండక్కి గడపకి పసుపు రాసినట్టు ప్రతి నిచ్చెనకీ రాస్తే ఇంక కళ్ళెందుకు అని. కానీ గ్రాఫిక్స్ అంత వివరంగా అయ్యాక ఏది ఎక్కొచ్చో ఏది బొమ్మో నిజంగానే తెలీదు, తప్పు పెయింట్‌ది కాదు. ఓపెన్ గేమ్‌లో అదే జబ్బు తెర మూలన ఉండే మినీ మ్యాప్ రూపంలో వస్తుంది, అందులో చుక్క ఒకటి కనిపిస్తుంటే కళ్ళు దాన్నే పట్టుకుంటాయి, చుట్టూ ఉన్న లోకం వాల్‌పేపర్ అయిపోతుంది, చుక్కని పట్టుకుని నడిచేవాడు ఎంత పెద్ద మైదానంలో ఉన్నా కారిడార్‌లో ఉన్నట్టే. 2018లో అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీ ఒక ఎక్స్‌ప్లొరేషన్ మోడ్ పెట్టింది, చుక్క తీసేసి ఫలానా ఊరికి తూర్పున, నది పక్కన అని మాటల్లో చెప్తుంది, మన పల్లెల్లో దారి అడిగితే రావిచెట్టు దాటాక ఎడమకి తిరుగు అన్నట్టు. 2020లో ఘోస్ట్ ఆఫ్ సుషిమాలో వెళ్ళాల్సిన వైపుకి గాలి వీస్తుంది, గడ్డి ఆ వైపు వంగుతుంది. పని చుక్క చేసేదే, కాకపోతే తల ఎత్తి చూడాలి.

కథ చేతిలో తాళం, సంచిలో తాళంచెవి చూశాం, భయాన్నే తాళంగా వాడేవాళ్ళూ ఉన్నారు. 2011 డార్క్ సోల్స్‌లో మొదట చేరే గుడి నుంచి మూడు వైపులా దారులు, శ్మశానం వైపు పోతే అస్థిపంజరాలు రెండు దెబ్బల్లో చంపేస్తాయి, కిందకి పోతే దెయ్యాలకి మామూలు కత్తి తగలనే తగలదు, కొండ మీదకి పోతే మాత్రం చావు కొంచెం నెమ్మదిగా వస్తుంది. ఎవరూ వద్దనరు, అస్థిపంజరాలే అంటాయి. 2022 ఎల్డెన్ రింగ్‌లో గుహలోంచి బయటికి రాగానే బంగారు కవచం వేసుకుని గుర్రం మీద ఒకడు తిరుగుతుంటాడు, వాడిని కొత్త ప్లేయర్ ఓడించడం దాదాపు అసాధ్యం, వాడి పాఠం ఒకటే, ఇక్కడ పక్క నుంచి పోవచ్చు, తర్వాత రావొచ్చు.

అన్నిటికన్నా అందమైనది మాత్రం బుర్రలో ఉండే తాళంచెవి. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది, ఫకీరుని కత్తితో ఎంత నరికినా లాభం లేదు, చిలక సంగతి తెలిస్తే చాలు. 1993 నాటి మిస్ట్ అచ్చం ఇలాంటిదే, రాండ్, రాబిన్ మిల్లర్ అన్నదమ్ములు చేసిన ఈ గేమ్‌లో నాలుగు లోకాలు గంటల తరబడి తిరగాలి, కానీ చివరి రహస్యం ముందే తెలిసినవాడు ఆ నాలుగు లోకాలకీ పోకుండానే కొన్ని నిమిషాల్లో ముగించెయ్యొచ్చు. 1994 సూపర్ మెట్రాయిడ్‌లో ఒక లోతైన గొయ్యిలో పడతాం, అక్కడ మూడు చిన్న జంతువులు గోడ నుంచి గోడకి గెంతుతూ పైకి పోయి చూపిస్తాయి, ఒక్క అక్షరం రాసి ఉండదు. అలా గెంతడం మనం ఆడించే హీరోయిన్ సామస్‌కి మొదటి నుంచీ వచ్చు, మనకే తెలీదు. 2019లో వచ్చిన అవుటర్ వైల్డ్స్ దీన్నే మొత్తం గేమ్ చేసేసింది, మొదట్లో రాకెట్ లాంచ్ కోడ్ తెచ్చుకోవడం తప్ప సంపాదించుకునే ఆయుధం లేదు, పెరిగే బలం లేదు, 22 నిమిషాలకోసారి సూర్యుడు పేలిపోయి అన్నీ మొదటికి వస్తాయి, మిగిలేది తెలుసుకున్న విషయం ఒక్కటే. దీనంత ఓపెన్ గేమ్ ఇంకోటి చూపించడం కష్టం, దీన్ని రెండోసారి ఆడటం కూడా అంతే కష్టం, చిలక ఎక్కడుందో ఒకసారి తెలిశాక మళ్ళీ తెలియనట్టు నటించలేం కదా.

మౌస్‌తో నొక్కుతూ ఆడే పాత పాయింట్ అండ్ క్లిక్ గేములు చేసిన రాన్ గిల్బర్ట్ ఈ విషయంలో మధ్యే మార్గం ఎప్పుడో పట్టుకున్నాడు. 1990 మంకీ ఐలాండ్ మొదటి భాగంలో సముద్రపు దొంగ అవ్వాలంటే మూడు పరీక్షలు, కత్తియుద్ధం, దొంగతనం, నిధి వేట, ఏది ముందైనా పర్లేదు, మూడూ అయితేనే తర్వాతి భాగం. దారి సన్నగా మొదలై మధ్యలో వెడల్పై మళ్ళీ ఒక చోట కలుస్తుంది. ఒక చిక్కుముడి దగ్గర ఇరుక్కుంటే ఇంకోదానికి పోవచ్చు, కథ మాత్రం చెదరదు. లాస్ట్ లెగసీ జీపు చాప్టర్, గ్రేట్ ప్లేటో నాలుగు గుళ్ళు, రెండూ ఈ ఆకారమే.

ఇన్ని చూశాక కూడా తేలనిది ఒకటి ఉంది, కథలో ఏ ముక్క ఎప్పుడు తెలియాలి అన్నది. బ్రెత్ ఆఫ్ ద వైల్డ్‌కి కొనసాగింపుగా 2023లో వచ్చిన టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్‌లో జెల్డా యువరాణి కనిపించకుండా పోతుంది, ఆమెకి ఏమైందో చెప్పే జ్ఞాపకాలు రాజ్యమంతా నేల మీద గీసిన పెద్ద పెద్ద బొమ్మల్లో దాచారు. ఏ వరుసలో చూస్తే బాగుంటుందో సూచన ఒక పాత గుడిలో ఉంది, కానీ గాల్లో ఎగురుతుంటే కింద బొమ్మ కనిపిస్తే ఆగనివాళ్ళెవరు, ముందు అదే చూస్తారు. అలా అసలు రహస్యం మొదటి వారంలోనే తెలిసిపోయినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ తర్వాత ఊరూరా మనుషులు ఎదురై యువరాణి ఎక్కడుందో తెలిసిందా, ఫలానా చోట చూశామంటున్నారు, వెళ్ళి వెతుకు అని అడుగుతూనే ఉంటారు, హీరో లింక్ అన్నీ విని తలూపి మళ్ళీ వెతకడానికి బయల్దేరతాడు, ప్లేయర్‌కి నిజం తెలుసు, కానీ చెప్పడానికి కంట్రోలర్‌లో బటన్ లేదు.